తప్పెప్పుడూ చేతిదే

మాస్టారు మళ్లీ గెలిచారు. గెలిచి, దొంగతనం చేసినవాడిలా తల దించుకున్నారు.

"నా బండి ఆగి ఆగి పోతోంది మావయ్యా! మలుపు దగ్గర మొరాయించింది, కావాలంటే వచ్చి చూడండి," అని కోడలు తన గదిలోంచి అరిచింది.

తన డ్రైవింగ్ స్కూల్లో జీవితమంతా ఇవే సాకులు విన్నారాయన. బ్రేకు పట్టలేదు సార్, గేరు పడలేదు సార్, క్లచ్చి బిగుసుకుపోయింది సార్. అందరికీ ఒకటే జవాబు. "బండిని తిట్టకు. చెయ్యి చూసుకో. తప్పెప్పుడూ చేతిదే." అలవాటు కొద్దీ కోడలికీ అదే అనేశారు. అనేసి నాలుక కరుచుకున్నారు. పాపం, ఆ పిల్ల చెప్పింది నిజమే కదా! ఆమె కంప్యూటర్లో ఉన్నది పాత ప్రాసెసర్.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పాక, కంప్యూటర్లో కార్ల రేసు ఆడితే చేతికి కసరత్తుగా ఉంటుందన్నాడు డాక్టరు. పిసకమని రబ్బరు బంతి ఇస్తే విసిరికొట్టిన పెద్దమనిషి, బొమ్మ స్టీరింగు చూడగానే చిన్నపిల్లాడిలా ఎగిరి కూర్చున్నారు.

ఇంట్లో ఒకే రకం కంప్యూటర్లు రెండున్నాయి, కొడుకుదొకటి, కోడలిదొకటి. కొడుకు తనది తెచ్చి తండ్రి గదిలో పెట్టి, పెద్ద గదిలోని కంప్యూటర్‌కి కొత్త ప్రాసెసర్ వేయమని మెకానిక్‌కి ఫోన్లో చెప్పాడు. నిజానికి ఆయనది ఇంట్లోకెల్లా ఇరుకు గది. ఇంటి పెద్ద ఉండేది గనక అందరూ దాన్ని పెద్ద గది అంటారు. మెకానిక్ వచ్చిన రోజు మాస్టారు ఆసుపత్రిలో, మిగతావాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు. పక్కింటావిడ తాళం తీసింది, అతను పని చేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మావయ్యకు పోటీగా ఆడే బాధ్యత కోడలు నెత్తిన వేసుకుంది.

ఆఫీసు నుంచి వచ్చి మొహమైనా కడుక్కోకుండా తన కోసం కూర్చునే పిల్లని, మంచి యంత్రం చేతిలో ఉంది కదా అని రోజూ ఓడించడమా! మాస్టారికి ముద్ద దిగడం లేదు.

"అమ్మాయిదానికీ ప్రాసెసర్ మార్పించరా," అని కొడుకు వెంటపడ్డారు.

"కొత్త రకం వస్తోంది నాన్నా, కాస్త ఆగు."

"అదొచ్చేసరికి ఇంకో కొత్తది వస్తోందంటావు. నువ్వు మార్చినట్టే, ఆమె ఆడినట్టే!"

లాభం లేదని ఆయనే మెకానిక్‌కి ఫోన్ చేశారు. "అసలు దీన్ని ఎప్పుడు మార్చాలయ్యా?"

"ఆటే చెప్తుంది సార్. బండి సాఫీగా పోకుండా, మలుపుల్లో బిగుసుకుపోయి ఒక్కసారిగా ముందుకు దూకుతోందనుకోండి, మార్చే టైమొచ్చినట్టే."

మాస్టారు తన గదిలోని బొమ్మ స్టీరింగు వంక చూశారు. తన బండీ అంతే. మలుపు మలుపుకీ బిగుసుకుంటుంది, దూకుతుంది.

"కొత్తది వేశాక కూడా అలా అవుతుందా?" అని మెల్లగా అడిగారు.

"భలేవారే! కొత్తది వేశాక ఎలా అవుతుంది సార్? ఛాన్సే లేదు."

ఫోన్ పెట్టేసి కుడిచెయ్యి చూసుకున్నారు. ఇక అనుమానమే లేదు. బండి మంచిదే. చెయ్యే పాడైంది.

ఆ దూకుడు సంగతి ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎలా ఉందని డాక్టరు అడిగితే భేషుగ్గా ఉందన్నారు. మూతపడ్డ స్కూలు మళ్లీ తెరుస్తానని, నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో తానే కూర్చుంటానని ఇంటిల్లిపాదికీ ఆశ పెట్టారు. తెర మీద దూకే చెయ్యి రోడ్డు మీద ఊరుకుంటుందా? ఎవరి బిడ్డనో పక్కన కూర్చోబెట్టుకుని, అవసరానికి ఆ చేత్తోనా స్టీరింగు లాక్కునేది? ఇన్నాళ్లూ అందర్నీ మోసం చేశాననిపించి సిగ్గుపడ్డారు.

"స్కూలు అమ్మేస్తున్నా. కారుతో సహా," అన్నారు కొడుకుతో.

"అదేంటి నాన్నా! చెయ్యి బాగైందిగా. రోజూ గెలుస్తున్నావుగా!"

"గెలిచేది నేను కాదురా. నువ్వు కొనిచ్చిన ప్రాసెసర్."

ఎంత బతిమాలినా వినలేదు. కొనడానికి ఆయన పాత శిష్యుడే ముందుకొచ్చాడు. కాగితాలు పట్టుకుని వచ్చి హాల్లో కూర్చున్నాడు. గురువుగారి ముఖంలోకి చూడలేక ఫ్యాను వంక చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే మెకానిక్ కొత్త ప్రాసెసర్‌తో దిగాడు. కోడలికి చేసిన అన్యాయాన్నయినా సరిదిద్దుకుందామని మాస్టారే రమ్మన్నారు.

"ఈ ఒక్క పనీ అయ్యాక సంతకం పెడతాను, కూర్చో," అని శిష్యుడికి చెప్పి, మెకానిక్‌ని కోడలి గదిలోకి తీసుకెళ్లారు.

"నాకిప్పుడు ఇదెందుకు మావయ్యా?" అంది కోడలు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "మీరు స్కూలు అమ్మకండి. నాకదే చాలు."

"ఊరుకో అమ్మాయ్. నా చెయ్యి సంగతి నాకు తెలీదా? నిన్ను రోజూ అన్యాయంగా ఓడించాను. రేపట్నుంచి ఇద్దరం సమానం."

మెకానిక్ కంప్యూటర్ పక్కమూత ఊడదీశాడు. టార్చి వేసి లోపలికి తొంగిచూశాడు. తల గోక్కుంటూ విశాలమైన ఆ గదినంతా ఒకసారి కలయజూశాడు.

"అదేంటి సార్, పెద్ద గది అంటే ఇదేననుకుని కొత్త ప్రాసెసర్ ఆ రోజే దీన్లో వేసి వెళ్లాను కదా!"