మెట్లు జయించిన మనిషి

వీధి కెమెరాలు చూసి తనంతట తానే వార్తలు రాసుకునే పేపరు వచ్చాక, చక్రాల కుర్చీలో తిరిగే దర్జీ నూకరత్నం రోజూ ఏదో ఒకటి జయిస్తూనే ఉంది. మొన్న 'వైకల్యాన్ని జయించి వంకాయలు కొన్న వనిత' అయింది. వంకాయలన్నీ పుచ్చులేనన్న సంగతి మాత్రం రాలేదు.

వార్డు ఆఫీసు లిఫ్టు ఏడాదిగా పాడైపోయి ఉందని ఆ పేపరుకే మొరపెట్టుకుంది. ఆమె చేతుల మీద పాకుతూ మెట్లెక్కిన ఫొటో వేసి, 'మెట్లకే చెమటలు పట్టించిన ధీర' అని రాసింది పేపరు.

వైకల్యం ఇంకా ఉందని ఏటేటా చేయించుకోవాల్సిన సంతకం కోసం నిన్న మళ్ళీ ఆ ఆఫీసుకే వెళ్ళింది. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి లిఫ్టు తలుపుకే తగిలించారు.

"మెట్లు మీకో లెక్కా అమ్మా? పేపరే చెప్పింది కదా," అన్నాడు గుమాస్తా, పై మెట్టు మీంచి.

"నేనెక్కను బాబూ. ఆ సంతకం కాయితమే కిందికి అట్టుకు రండి."

సాయంత్రం దాకా కిందే కూర్చుంది. ఎవరూ దిగలేదు.

ఈవేళ పేపర్లో 'వైకల్యం ముందు ఓడిన నూకరత్నం' అని పడింది. లిఫ్టు మాటే లేదు.

పది గంటలకల్లా పక్కింటి వరహాలమ్మ అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకు వచ్చింది.

"ఎంత ధైర్యంగా ఉండేదానివే. ఇలాగైపోనావేటే," అని కళ్ళొత్తుకుంది.