సోషల్ సారు లాప్‌టాప్

“ఏ గేమ్ ఆడుతరు సార్? దాన్ని బట్టి లోపలి సామాన్ ఎంచుదాం” అన్నడు దుకాణపాయన ముజఫ్ఫర్.

అమరేందర్ ఓరకంట చూసిండు. పక్క కుర్చీల భార్య రమ కూసోని ఉన్నది. ఇంట్ల ఫ్రిజ్ చెడిపోయి, పొద్దుగాలనే పాలు పలిగినయి. ఇప్పుడు కొనేది ఫ్రిజ్జా, లాప్‌టాపా అని పెద్ద పంచాయితీ అయింది. పిల్లల భవిష్యత్తు ముఖ్యమని ఉపన్యాసం ఇచ్చి, ఆమెను పాలమూరుల ఈ కంప్యూటర్ దుకాణం దాకా తోల్కొచ్చిండు. పిల్లలంటే సొంత పిల్లలు కాదు. జడ్చర్ల దగ్గర బడిల ఆయన సోషల్ చెప్పే పిల్లలు.

“ఆటలేంది భాయ్. డిజిటల్ పాఠాలు తయారు చెయ్యాలె” అన్నడు గట్టిగ.

పాఠాలకైతే షెల్ఫుల ఉన్న మామూలుదే సాలని ముజఫ్ఫర్ చెప్పిండు. ఒక్కొక్క భాగం ఏరి ఆర్డర్ పెట్టుడు, వచ్చేదాక ఎదురుచూసుడు ఎందుకు, ఇయ్యాలనే పట్కపోండ్రి అన్నడు. నిజాయితీపరుడైన దుకాణందారు ఎంత ప్రమాదమో అమరేందర్‌కు అప్పుడు తెలిసింది.

అసలు సంగతి వేరే. సాయంత్రం పేపర్లు దిద్దుతనని మిద్దెక్కి, ఫోన్ల తుపాకుల ఆట మొదలుపెడితె, కొంచెం సేపటికే ఫోను పెనంలెక్క కాలుతాంది. శత్రువు ఎదురుంగ ఉన్నప్పుడే తెర ఆగిపోతాంది. ఇట్లయితే దేశాన్ని ఎట్ల కాపాడాలె?

అందుకే మామూలుది వద్దన్నడు. ఉన్నదాంట్ల పెద్ద గ్రాఫిక్స్ కార్డు వెయ్యమన్నడు. అదెందుకని రమ అడిగింది. చిన్న కార్డుల దక్కన్ పీఠభూమి చదునుగ కనవడతదని, ఎత్తు తెల్వాలంటే పెద్దదే ఉండాలని చెప్పిండు. ఇన్నేండ్లు అదే పీఠభూమిని సుద్దముక్కతోని రెండు గీతలల్ల తేల్చేసిన మనిషి. రమ తల ఊపింది.

తెర కాడ ఇంకింత ఇబ్బందైంది. బొమ్మ ఎంత స్పీడుగ మారాలని ముజఫ్ఫర్ అడిగితె, ఎంత వీలైతె అంత అన్నడు సారు. సోషల్ల అంత ఉరికేది ఏమున్నదని ముజఫ్ఫర్‌కు అనుమానమొచ్చింది.

“పానిపట్టు యుద్ధం. గుర్రాలు మసకబారొద్దు కద.”

అదే టైముకు షోకు పెట్టిన లాప్‌టాప్‌ల ఒక సైనికుడు గోడచాటు నుంచి తుపాకి పేల్చిండు. అమరేందర్ తల దానంతటదే కిందికి వంగింది. వేళ్లు టేబుల్ మీద టకటక కొట్టుకున్నయి. రమ చూస్తాందని యాదికొచ్చి, మెల్లగ లేచి మెడ పట్టేసిందన్నడు. ఇంటికి పోయినంక జండుబామ్ రాస్తనన్నది రమ. ఆ మాటకు ఆయన మనసు కలుక్కుమన్నది. ఇంత అమాయకురాలిని మోసం చేస్తున్ననే అని నిజంగనే జాలిపడ్డడు. జాలి పడుకుంటనే ర్యామ్ డబుల్ చెయ్యమన్నడు.

ఇగ ఆపేటోడు లేడు. కీబోర్డు కింద రంగు లైట్లెందుకంటే, నదులకు నీలం, అడవులకు పచ్చ అని చేతికి అలవాటైతదన్నడు. లోపల రెండు ఫ్యాన్లెందుకంటే, పాలమూరు ఎండలకు పాఠాలు కూడ ఉడికిపోతయన్నడు. తన నోట్లకెంచి వచ్చే మాటలు తనకే కొత్తగ అనిపించినయి. బీఈడీల ఎవ్వరు నేర్పని విద్య ఇది. ముజఫ్ఫర్ అడుగుడు మానేసి, నవ్వు కనవడకుండ మూతి తుడుసుకుంట ఆర్డర్ కొట్టుకుంటనే పోయిండు.

రమ ఒక్కదానికి కూడ అడ్డం రాలేదు. అది చూసి అమరేందర్‌కు ఇంకింత ధైర్యమొచ్చింది. తన పలుకుబడి మీద తనకే గౌరవం పెరిగింది. ఫ్రిజ్ సంగతి వచ్చే ఎండకాలం చూద్దామని, అప్పటిదాక కొత్త కుండ కొందామని ఆమెకు అభయం కూడ ఇచ్చిండు.

ఆఖరుకు హెడ్‌ఫోన్ మిగిలింది. మైక్ ఉన్నది కావాల్నా, లేనిది కావాల్నా అని ముజఫ్ఫర్ అడిగిండు. ఇక్కడన్న కొంచెం పొదుపు చూపెట్టి భార్య ముందట మంచిపేరు కొట్టెయ్యాలనుకున్నడు సారు. పాఠాలు తయారు చేసేటోనికి మైక్ దండుగ అన్నడు.

“మైక్ మంచిదే పెట్టు భాయ్” అన్నది రమ నిమ్మళంగ. “ఆటల ఈయన టీముకు లీడర్‌ను నేనే. మిద్దె మీద ఈయన మొత్తుకునేది కింద వంటింట్ల నా ఫోన్ల సగమే వినవడతాంది. వేరే పేరుతోని ఆడేది నేనని తెల్వక, ‘కాపాడక్కా, కాపాడక్కా’ అంటుంటడు పాపం.”