తెర మీద మొదటి వరుస

నాలుగు నెలల కింద డ్యూటీకని పోయిన శ్రీధర్‌రావు మళ్లీ ఇల్లు చేరలేదు. ఆయన భార్య సరళాదేవి భర్త పనిచేసే కరీంనగర్ ఆఫీసుకు వచ్చి, కంప్యూటర్ గది చూసుకునే ఖయ్యూం ముందు ఏడుస్తోంది.

“నీ కాళ్లు మొక్కుత భాయ్. కంప్యూటర్ల నాకేమన్న రాసిపెట్టిండేమో జర చూడు.”

ఖయ్యూం కమాండ్ కొట్టి, తన లాగిన్ పేరు నుంచి శ్రీధర్‌రావు పేరులోకి మారాడు. తెర మీద మొదటి వరుస పడింది: ఆ పేరుతో చివరిసారి లోపలికి వచ్చింది ఈరోజు పొద్దున తొమ్మిదింటికి.

“ఆయన గా టైముకే డ్యూటీ ఎక్కుతడు! బతికే ఉన్నడు భాయ్! ఠాణాల చెప్పొస్త!”

ఖయ్యూం కుర్చీలోంచి లేచేసరికి ఆమె మెట్లు దిగిపోయింది.

మూడు నెలలు వాడని పేరును కంప్యూటర్‌లోంచి కొట్టేస్తారు. దోస్తు పేరు పోవద్దని రోజూ తొమ్మిదింటికి ఆ పేరులోకి వెళ్లి వస్తున్నది ఖయ్యూమే.