అరిగిన అచ్చు

కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం పోగొట్టుకున్న మనవరాలికి బుద్ధి చెప్పమని మా అమ్మాయి దాన్ని నా దగ్గరికి పంపింది. కొనేవాళ్ల ముందే ఓనరుతో, "మీరు మాట్లాడకుండా ఉంటే షాపు ఇంకా బాగా నడుస్తుంది సార్" అందట.

నేనప్పుడు భూతద్దం కింద నాణేలు చూసుకుంటున్నాను. మాట కలపడానికి ఒక నాణెం, భూతద్దం దాని చేతిలో పెట్టాను.

"అంకె కరిగిపోయినట్టుందే అమ్మమ్మా. బాగా వాడేశారు."

"వాడితే ముందు మెరుపు పోతుందే పిచ్చిమొహమా. ఇది నిన్న బ్యాంకులో ఇచ్చిన కొత్తది. అంకె పక్కన ఉబ్బెత్తుగా ఉన్న ఆ గీత చూడు, అది నాణేలు కొట్టే అచ్చులో పడ్డ పగులు. కొట్టీ కొట్టీ అచ్చే అరిగిపోయింది. పాపం, ఇందులో నాణెం తప్పేం లేదు."

అది భూతద్దం పక్కన పెట్టి నావైపు చూసింది.

"నేను అచ్చు గుద్దినట్టు నీలా ఉన్నానని పుట్టినప్పట్నుంచీ అంటూనే ఉన్నారు కదా. మరి నా తప్పేముంది?"

నాణేల మీద ఇన్నేళ్లుగా ఉపన్యాసాలు దంచుతున్నాను. ఒకరు ఇంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

ఇక బుద్ధి చెప్పే పని మానేసి, ఓనరుకి నేనే ఫోన్ చేశాను. చాలా మర్యాదగానే మొదలుపెట్టాను.

"బాబూ, మా పిల్లదే తప్పు. ఎంత నిజమైనా కొనేవాళ్ల ముందు అనకూడదు. వాళ్లు వెళ్లాక నెమ్మదిగా చెప్పాల్సింది. మీరూ కాస్త నోరు తగ్గించుకుంటే..."

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. నా మర్యాదకి మెత్తబడ్డాడనుకున్నాను.

"మీతో పోలిస్తే అమ్మాయి చాలా నయమండీ," అన్నాడు చివరికి. "రేపట్నుంచి రమ్మనండి."