మాట అందించే మనిషి

నాటకశాలకు నూరేళ్లు నిండాయని సభ పెట్టారు. కొత్త సీజన్ సంగతులు చెప్పడానికి అధ్యక్షుడు మైకు ముందుకొచ్చాడు.

ఇక్కడ హీరో కూడా ఆయనే. అరవై ఎనిమిదేళ్లొచ్చినా రాకుమారుడి వేషం ఇంకొకరికి దక్కనివ్వలేదు. మోకాళ్ల మీద కూర్చునే సీనులో ఆయన్ని లేపడానికి ఇద్దరు భటులు వచ్చేవారు. వాళ్లు నాటకంలో లేరు. డైలాగులు బట్టీ పట్టడం మాత్రం ఆయన ఏనాడూ ఎరగడు. పక్క తెర వెనక నుంచి భార్య మాట అందిస్తే గర్జించేవాడు. ఏం అంటున్నానన్నది ఆయనకు పట్టదు, ఎలా అంటున్నానన్నదే ముఖ్యం.

“ఈ నాటకశాల...” అని ఆగిపోయాడు. జేబులో ప్రసంగం ఉంది గాని, రాకుమారుడికి కళ్లజోడేమిటని దాన్ని ఇంట్లో వదిలేశాడు.

“నాకు తల్లిలాంటిది,” అంది భార్య తెర వెనక నుంచి.

ఆయన గర్జించాడు.

“పైకప్పు కారుతోంది, బాగుచేయిస్తాను.”

అదీ గర్జించాడు. కమిటీవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

“ఈ సీజన్ నుంచి రాకుమారుడి వేషం కుర్రాళ్లకిచ్చి, నేను తాత వేషం వేస్తాను.”

చెయ్యెత్తి, గొంతు వణికించి మరీ చెప్పాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన పొంగిపోతూ తెర వెనక్కొచ్చాడు.

“చూశావా, జనం ఎలా లేచారో. ఇంతకీ నేనేమన్నాను?”

భార్య చెప్పింది.

ఆయన మొహం కందగడ్డయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాడు. ఒక్క మాటా తోచలేదు. అలవాటు కొద్దీ ఆమె పెదాల వైపే చూశాడు.

“సరే అనండి,” అంది ఆమె మెల్లగా.

“సరే,” అన్నాడాయన, చివరి వరుసకు వినిపించేలా.