గల్లీ చివరి గోడ

“గోడ ఉండనియ్యమ్మా,” అన్నాడు లచ్చయ్య, ఆటో అద్దం తుడవడం ఆపకుండా.

సూర్యప్రభ చాపిన అర్జీ ఆమె చేతిలోనే ఉండిపోయింది. గోడకు అటువైపున్న ఆమె కాలనీలో అందరూ సంతకాలు పెట్టారు. ఇటువైపు బస్తీలోనూ చాలామంది పెట్టారు. గోడను ఆనుకుని ఇల్లున్న లచ్చయ్య మాత్రం పెట్టనంటున్నాడు.

“మంగళవారం వార్డు కమిటీలో ఈ గోడ సంగతి తేలుస్తారండీ. తీసేస్తే మీరూ మా వీధిలోంచి తిన్నగా మెయిన్ రోడ్డెక్కొచ్చు కదా.”

“మాకు మెయిన్ రోడ్డుతోని ఏం పనమ్మా? పోరగాళ్ళు ఆడుకుంటున్నరు. ఆడుకోనియ్యి.”

గల్లీ నడిమధ్య పిల్లలు గోళీలాడుతున్నారు. లచ్చయ్య భార్య అండాలమ్మ రోడ్డు మీదే మిరపకాయలు ఎండబోసింది. వీధినంతా వాకిలి చేసుకున్నారు, ఎందుకు వదులుకుంటారు అనుకుంది సూర్యప్రభ. ఆటో వెనక ‘జై తెలంగాణ’ అన్న అక్షరాలు చూశాక ఇంకో కారణం కూడా తోచింది.

ఇంటికెళ్ళి చెబితే భర్త విశ్వేశ్వరరావు నవ్వాడు. “నే చెప్పలా? మనం ఆంధ్రావాళ్ళం. మనకి దారెందుకిస్తాడు?”

తెనాలి నుంచి వచ్చి ఆ కాలనీలో ఫ్లాటు కొనుక్కుని ఏడాది దాటింది. చైతన్యపురి దగ్గర, మెయిన్ రోడ్డుకు దగ్గర అని మురిసిపోయారు. ఉద్యమం ముదిరాక తెలిసింది, ఆ కాలనీకి ఒక్కటే దారని. రోడ్డు మీద రాస్తారోకో అంటే లోపలివాళ్ళు లోపలే. చుట్టూ ఇళ్ళు, చివర గోడ. బంద్ రోజుల్లో ఆమె బాల్కనీలో నిలబడి ఆ గోడనే చూస్తూ ఉండేది. ఒకటో తరగతి చదివే కూతురు తన్మయికి ఆయాసం. ఎప్పుడు వస్తుందో తెలియదు.

ఆదివారం వంటావార్పు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించారు. డప్పులు, పాటలు, వేలమంది జనం. కట్టెల పొగ కాలనీలోకి కమ్ముకుంది. కిటికీలు మూసినా ఆగలేదు. మధ్యాహ్నానికి తన్మయి ఎగశ్వాస తీయడం మొదలుపెట్టింది. ఇన్‌హేలర్ కొట్టినా తగ్గలేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి.

విశ్వేశ్వరరావు కారు తీశాడు. కాలనీ మొగదలకు రాగానే ఆగిపోయింది. ఎదురుగా ట్రాక్టర్లు, వాటి మధ్య ఉడుకుతున్న గంగాళాలు.

“పిల్లకు బాగలేదంట! జర జరుగుండ్రి!” అని అక్కడున్నవాళ్ళే అరిచారు. మనుషులు జరిగారు. ట్రాక్టరు తీయడానికి డ్రైవరు కనబడలేదు. వెనక్కి వెళదామంటే ఇంకో కారు వచ్చి ఆనుకుంది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. వెనకసీటులో పాప గొంతులోంచి ఈలలాంటి చప్పుడు వస్తోంది.

సూర్యప్రభ తలుపు నెట్టుకుని దిగింది. పాపను భుజాన వేసుకుని గోడ వైపు పరుగెత్తింది.

“లచ్చయ్యగారూ! లచ్చయ్యగారూ!”

గోడమీద ముందు ఉద్యమం కండువా కనబడింది, తర్వాత లచ్చయ్య మొహం. డ్రమ్మెక్కినట్టున్నాడు.

“ఏమైందమ్మా?”

“పాపకి ఊపిరాడట్లేదు!”

“ఇటియ్యి. నాకియ్యి పిల్లను.”

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత పాపను పైకెత్తింది. లచ్చయ్య వంగి అందుకున్నాడు. గోడమీద గుచ్చిన గాజుపెంకులకు అతని ముంజేయి చీరుకుపోయింది. అతను చూసుకోలేదు. అండాలమ్మ పెంకుల మీద గోనెసంచి పరిచి, సూర్యప్రభ చెయ్యి పట్టి అవతలికి దింపింది.

ఆటో సరూర్‌నగర్ లోపలి గల్లీల్లోంచి దూసుకుపోయింది. దారిపొడవునా లచ్చయ్య వెనక్కి తిరిగి ఒకటే మాట. “పిల్లను పండుకోనియ్యకమ్మా. మాట్లాడిపియ్యి. మాట్లాడిపియ్యి.”

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. లచ్చయ్య ఇంటికి పోలేదు. చేతికి కండువా చుట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. సాయంత్రం తన్మయి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. అప్పుడతను గోడకు ఆనుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంత మెత్తటి మనిషిని గురించా తాము అలా అనుకున్నది, అని సూర్యప్రభకు సిగ్గేసింది.

మంగళవారం వార్డు ఆఫీసు కిక్కిరిసింది. సూర్యప్రభ లేచి జరిగిందంతా చెప్పింది. “దేవుడిలా లచ్చయ్యగారు ఇంట్లో ఉన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ గోడ దగ్గరే నా బిడ్డ...” కూర్చుని తన్మయిని ఒళ్ళోకి లాక్కుంది.

కార్పొరేటర్ లచ్చయ్య వైపు చూశాడు. “నువ్వొక్కనివే వద్దన్నవట. ఏమంటవు ఇప్పుడు?”

లచ్చయ్య నిలబడ్డాడు. తల్లి ఒళ్ళో కూర్చున్న తన్మయిని చాలాసేపు చూశాడు. కట్టుకట్టిన చేత్తో మొహం తుడుచుకున్నాడు.

“తీసెయ్యుండ్రి,” అన్నాడు.

చప్పట్లు మోగాయి. గోడ కూల్చి రోడ్లు కలపాలని కమిటీ అప్పటికప్పుడు తీర్మానించింది. ఎన్నో నెలల తర్వాత సూర్యప్రభకు ఊపిరి ఆడినట్టయింది. పాపను వెంటబెట్టుకుని బయటికొచ్చి చూస్తే మెట్లమీద అండాలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

సూర్యప్రభ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. “క్షమించండమ్మా. మేము ఆంధ్రావాళ్ళమని మీకు కోపం అనుకున్నాం. అసలు మిమ్మల్ని రానివ్వకుండా గోడ కట్టింది మా కాలనీవాళ్ళేగా. కోపం ఉండదా మరి!”

“మీవోళ్ళు కట్టలేదమ్మా,” అంది అండాలమ్మ నెమ్మదిగా. “మేమే ఆఫీసుల పొంటి తిరిగి, కాళ్ళు మొక్కి కట్టిపిచ్చుకున్నం.”

“మీరా? ఎందుకు?”

అండాలమ్మ తన్మయి తల నిమిరింది.

“మా మనుమరాలు గీత మీ కాలనీ కారు కిందనే పోయింది, బిడ్డా.”