తీరం వెంట వారం రోజులు

ఆగస్టు రెండో శుక్రవారం సాయంత్రం ఆరింటికి అసుంతాకు ఇటలీ దక్షిణ తీరంలోని ఒట్రాంటో నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్లింట్లో చోటు లేదు. తీరం వెంట వేసుకున్న వారం రోజుల ప్రయాణంలో మొదటి మూడు రాత్రులు అక్కడే ఉండాలనుకున్నారు. సొంత చెల్లెలే కదా అని ముందుగా అడగలేదు.

భర్త కోసిమో బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"పోనీ, లెవుకాలో మా అన్నయ్య ఇల్లు?"

"మీ వదిన బుధవారం దాకా రావద్దంది."

"గల్లిపోలిలో మీ మామయ్య?"

"మంచం ఇస్తాడు. పక్క మంచం మీద గురక కూడా పెడతాడు."

"పెట్టనీ. ముందు అక్కడికే పోదాం. పోయినేడాది గరాజులో పడుకున్న నడుం నొప్పి ఇంకా తగ్గలా. ఇంతకీ మీ చెల్లెలికేం వచ్చింది?"

"వాళ్లూ ఇల్లు అద్దెకిచ్చేశారట. ఈ వారం మనింట్లో ఉండొచ్చా అని అడగడానికే చేసింది."

కోసిమో నవ్వబోయి మానేశాడు.

రేపు ఉదయం పదింటికి మిలాన్ నుంచి అద్దెకు వచ్చే కుటుంబానికి ఈ ఇంటి తాళాలు ఇవ్వాలి. వాళ్లు వారం ఉంటారు. ఈ తీరంలో ఏ రోజు ఏ ఊరు చూస్తే హాయిగా ఉంటుందో కోసిమో కూర్చోబెట్టి చెబుతాడని అసుంతా వాళ్లకు మాటిచ్చింది.